సెనెకా చెప్పిన రాత్రి సమీక్ష: కోపం తగ్గాలంటే ఎలా చేయాలి?

ప్రశ్న: కోపం తగ్గించుకోవడానికి రోమన్ తత్వవేత్త సెనెకా చేసినట్టు రాత్రి సమీక్ష చేయమంటారు కదా, అసలు పద్ధతి ఏమిటి? డైరీ రాయాల్సిందేనా? ఇంకో సందేహం. ఎవరైనా మాట అనగానే ఒళ్లు భగ్గుమంటుంది. స్టోయిక్కుల (సెనెకా అనుసరించిన తత్వశాఖవాళ్ల) లెక్కలో అప్పుడే ఓడిపోయినట్టా?

జవాబు 1: రెండో సందేహం ముందు తేలాలి, లేకపోతే సమీక్ష దండగ. కోపం మీద రాసిన గ్రంథంలో సెనెకా మూడు దశలు చెప్పాడు. మొదటిది ఒంటి కుదుపు. చన్నీళ్లు పడితే వణికినట్టే, అది మన చేతిలో లేదు. రెండోది "నాకు అన్యాయం జరిగింది, బదులు తీర్చుకోవడం న్యాయమే" అని మనసు ఒప్పుకోవడం. మూడోదానికి వచ్చేసరికి న్యాయమో కాదో అడిగే ఓపిక కూడా ఉండదు. మీకు పట్టు దొరికేది రెండో మెట్టు దగ్గరే. ఒళ్లు భగ్గుమనడం ఓటమి కాదు. తుపానులో చిక్కిన ఓడలో ఒక స్టోయిక్ పండితుడి మొహం పాలిపోయిందని రోమన్ రచయిత ఔలుస్ గెల్లియుస్ రాశాడు. అడిగితే ఆ పండితుడు స్టోయిక్ గురువు ఎపిక్టెటస్ పుస్తకం తీసి చూపించాడట: జ్ఞానికైనా మొహం పాలిపోతుంది, కానీ "ఇది నిజంగా కీడే" అని మాత్రం ఒప్పుకోడు.

జవాబు 2: ఇక పద్ధతి. దీపం తీసేశాక, భార్య మాటలు ఆపాక సెనెకా రోజంతా మనసులో తిరగేసుకునేవాడు. చీకట్లో చేసే పనికి డైరీ ఎక్కడిది? సెనెకాకు ముందుతరం తత్వవేత్త సెక్స్టియస్ నుంచి వచ్చిన ప్రశ్నలు మూడు: ఇవాళ ఏ జబ్బు నయం చేసుకున్నావు, ఏ దోషాన్ని ఎదిరించావు, ఏ విషయంలో మెరుగయ్యావు?

"ఇవాళ కోప్పడ్డాను, తప్పు" అని సరిపెట్టుకుంటే ఏమీ మారదు. ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు. సెనెకా ఒక్కో సంఘటననే పట్టుకుంటాడు: ఫలానా మనిషిని మరీ మొహం మీదే మందలించావు, అతను మారలేదు సరికదా నొచ్చుకున్నాడు, ఇకపై మాట నిజమా అనే కాదు, వినేవాడు తట్టుకోగలడా అనీ చూసుకో. రోజుకు ఒక్క సంఘటన చాలు. అవతలివాళ్లు అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు, విశేషణాలు లేకుండా చెప్పుకోండి. దానికి మీరు తగిలించిన తీర్పు ఏమిటో విడదీయండి. రేపు అదే జరిగితే ఏం అంటారో ఒక వాక్యం సిద్ధం చేసుకోండి. తిట్టుకోవద్దు, అది మన మీదే కోపం. "ఈసారికి క్షమిస్తున్నా, మళ్లీ చేయకు" అన్నదే ఆయన తీర్పు.

జవాబు 3: డైరీ అక్కర్లేదు సరే, క్యాలెండర్ మాత్రం కావాలి. కోపం రాని రోజులు లెక్కపెట్టమన్నాడు ఎపిక్టెటస్: ముందు కోపం రోజూ వచ్చేది, తర్వాత రోజు విడిచి రోజు, ఆపైన మూడు రోజులకోసారి అని. కోపం లేకుండా 30 రోజులు గడిస్తే దేవుడికి బలి ఇవ్వమన్నాడు. ఒళ్లు వేడెక్కిన ప్రతిసారీ గుర్తు పెడితే లెక్క తప్పుతుంది; రెండో మెట్టు ఎక్కిన రోజులకే పెట్టండి.

ప్రశ్న అడిగినవారు: మరి అక్కడికక్కడ ఏం చేయాలి?

జవాబు 1: ఆలస్యం. కోపానికి దాన్ని మించిన మందు లేదన్నాడు సెనెకా. ఊరికే పది అంకెలు లెక్కపెడితే ఆ పది అంకెల్లోనూ పగ పెంచుకోవచ్చు. ఆ వ్యవధిలో "అన్యాయం" అన్న మాట అవతలివాళ్లు అన్నదా, మీరు చేర్చిందా అని చూడండి.