ఎల్ పాసోలో అర్ధరాత్రి రేడియోలో వచ్చే ఆ పాట ఏంటండీ?

పాత వాల్వు (విజయవాడ):
గవర్నర్‌పేటలో ముప్పై ఏళ్ళు రేడియోలు బాగుచేసినవాణ్ణి. కొట్టు మూసేశాక, అమ్మాయి టెక్సాస్‌లో ఎల్ పాసోలో ఉంటే ఆర్నెల్లు ఉండొద్దామని ఇద్దరం వెళ్ళాం. నా ట్రాన్సిస్టరు కూడా పట్టుకెళ్ళా. "అక్కడికీ ఈ గరగరేనా?" అంది మా ఆవిడ. ముల్లు తిప్పే పాత సెట్టు కాబట్టి సరిపోయింది గానీ, నంబర్ల సెట్టయితే తంటానే. మీడియం వేవ్‌లో మన స్టేషన్లకి 9 కిలోహెర్ట్జ్ ఎడం, వాళ్ళకి 10. 9 చొప్పున గెంతే సెట్టు వాళ్ళ స్టేషన్ల మీద సరిగ్గా నిలవదు.

వాళ్ళ వంటింటి కిటికీలోంచి చూస్తే అవతల దీపాలన్నీ మెక్సికోవే. హ్వారెజ్ ఊరట. మధ్యలో ఏరు ఉందన్నారు. నేను చూసినప్పుడు మన బుడమేరంత నీళ్ళు కూడా లేవు.

ముల్లు ఎటు తిప్పినా స్పానిషే. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, పాట మధ్యలో ఆపేసి ప్రకటన వేసే ధోరణి చూస్తే ఎక్కడైనా రేడియో రేడియోనే అనిపించింది. సరే, సందేహం అది కాదు. రాత్రి సరిగ్గా 12కి మూడు నాలుగు చోట్ల ఒకే పాట, బ్యాండు మేళంతో. మొదట ఒకే స్టేషను రెండోచోట కూడా పడుతోందేమో (దాన్ని ఇమేజ్ అంటాం) అనుకున్నా. కానీ పక్కనే ఇంకో స్పానిష్ స్టేషన్లో ఆ పాట లేదు, మామూలు కబుర్లే! సెట్టు జబ్బా, స్టేషన్ల జబ్బా? స్క్రూడ్రైవర్ ఉందా అనడిగితే అల్లుడు నవ్వాడు.

మిర్చిఘాటు (శాన్ ఆంటోనియో, మాది గుంటూరు):
బాబాయి గారూ, సెట్టు విప్పకండి! అది మెక్సికో జాతీయగీతం. అక్కడి స్టేషన్లు రోజూ ప్రసారం మొదలుపెట్టేటప్పుడూ ముగించేటప్పుడూ వెయ్యాలని చట్టం. 24 గంటలూ నడిచేవి ఉదయం 6కీ అర్ధరాత్రి 12కీ వేస్తాయి. పాట లేకుండా కబుర్లు చెప్పిన స్టేషను ఏటికి ఇవతలిది, అమెరికాది. పేరు చెప్పినప్పుడు కూడా తెలిసిపోతుంది. మెక్సికోవి ఎక్స్ అక్షరంతో, ఇటువైపువి ఎక్కువగా కె తో మొదలవుతాయి.

ఇవతలి స్పానిష్ వలస వచ్చినవాళ్ళు నిన్నగాక మొన్న తెచ్చింది కూడా కాదు. 1836లో టెక్సాస్ విడిపోక ముందు ఈ నేలే మెక్సికోది. మా ఊళ్ళో ఇగ్నాసియో లొసానో 1913లో 'లా ప్రెన్సా' పత్రిక పెట్టాడు. మెక్సికోలో విప్లవం, ఇక్కడికి పారిపోయొచ్చిన జనం, వాళ్ళకి ఇంటి కబురు కావాలి. 1926లో లాస్ ఏంజెలెస్‌లో 'లా ఒపీనియోన్' కూడా ఆయనదే. మీరున్న ఎల్ పాసోలో 1915లో మరియానో అసుయేలా విప్లవం మీద రాసిన నవల ఒక స్పానిష్ పత్రికలో సీరియల్‌గా వచ్చింది. మన వారపత్రికల్లో లాగే, పుస్తకం కాకముందు.

రేడియో మనిషి కాబట్టి మీకు నచ్చేది ఇంకోటి. రౌల్ కోర్తెస్ 1946లో ఇక్కడ కెసిఒఆర్ రేడియో పెట్టి, 1955లో టీవీ కూడా పెట్టాడు. అది యుహెచ్‌ఎఫ్‌లో, అంటే మామూలు చానెళ్ళకి పైనుండే ఫ్రీక్వెన్సీల్లో, 41వ చానెల్. అప్పటి సెట్లలో చాలావాటికి కన్వర్టర్ బిగిస్తే గానీ పడదు. ఆ స్టేషనే తర్వాత చేతులు మారి, ఇప్పటి యూనివిజన్ అనే అమెరికా స్పానిష్ టీవీ సంస్థకి మొదలైంది.

బ్రాడీపేట 4వ లైను:
రివర్సులో కూడా జరిగింది మాష్టారూ. కాన్సాస్‌లో బ్రింక్లీ అని ఒక 'డాక్టరు', మగవాళ్ళకి మేక వృషణాలు కుట్టి మగతనం తెప్పిస్తానని రేడియోలో ఊదరగొట్టాడు. 1930లో లైసెన్సు పీకేస్తే, ఏరు దాటి మెక్సికోలో వీయా అకూన్యాలో స్టేషను పెట్టి, అక్కణ్ణుంచి ఇంగ్లీషులో అమెరికా అంతా అరిచాడు. అమెరికాలో మామూలుగా ఎంత పెద్ద స్టేషనుకైనా 50 కిలోవాట్లే. ఇతనిది తర్వాత్తర్వాత దానికి ఎన్నో రెట్లు.

మా వీధిలో ఇప్పటికీ ఇలాంటి మందులవాళ్ళున్నారు, మైకు సైజే చిన్నది.

మిర్చిఘాటు:
😀 పొద్దున్న సంగతి మర్చిపోయా. 1930 ప్రాంతాల్లో లాస్ ఏంజెలెస్‌లో పేద్రో గొన్సాలెస్ తెల్లవారుజామున 4 నుంచి స్పానిష్ కార్యక్రమం నడిపాడు. ఇంగ్లీషువాళ్ళు నిద్రపోయే వేళ కాబట్టి రేడియోలో ఆ టైము చవక. కూలీలు లేచేది మాత్రం అప్పుడే. మా నాన్న మిర్చి యార్డుకి వెళ్ళే వేళ.

పాత వాల్వు:
అమ్మా, చల్లగా ఉండు. నిన్న అమ్మాయికి ఫోన్ చేసి, రాత్రి 12కి కారు రేడియో పెట్టి వినమన్నా. ఎక్స్ స్టేషన్లలో పాట, కె స్టేషన్లో టైర్ల ప్రకటన. నువ్వన్నట్టే.

ఒక నిజం చెప్పాలి. మీరు చెప్పేలోపే, అక్కడుండగానే, అల్లుడు ఆఫీసుకెళ్ళినప్పుడు కళ్ళద్దాల స్క్రూడ్రైవర్‌తో ఐఎఫ్ కాయిల్ (సెట్టు లోపల స్టేషన్ని స్పష్టంగా పట్టించే తీగచుట్ట) కాస్త తిప్పా. ఇప్పుడు బెజవాడ స్టేషను (837 కిలోహెర్ట్జ్) పొద్దున్న భక్తిరంజని వేళకి కూడా పీలగా పడుతోంది. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.