గీత పక్కన పడ్డ తూటా: జింకల వేట పరీక్షలో ఆఖరి మాట కొలతదా, ఎగ్జామినర్‌దా?

అమలాపురం అబ్బాయి:
అందరికీ నమస్కారం అండి. షూటింగ్ తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. మా బావమరిది స్కాట్లాండ్‌లో ఉంటాడు, ఈమధ్య అక్కడ డీర్ స్టాకింగ్ సర్టిఫికెట్ లెవల్ 1 పరీక్షకి వెళ్లాడు. వేట అనగానే తిట్టకండి. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం ఉంది, పాపికొండల వైపు వెళ్లి చుక్కల దుప్పి కనబడితే ఫోటో తీసుకుని రావడమే. అక్కడ సంగతి వేరు. తోడేళ్లు ఎప్పుడో అంతరించిపోయాయి, జింకలు పెరిగిపోయి నాటిన మొక్కల్ని చిగురు మిగల్చకుండా మేసేస్తుంటే ఇన్ని అని లెక్క వేసుకుని తగ్గిస్తారు.

పరీక్షలో రైఫిల్ భాగం ఇలా ఉంటుంది. ముందు 100 మీటర్ల నుంచి మూడు తూటాలు 4 అంగుళాల వృత్తంలో పడాలి. ఆ తర్వాత జింక బొమ్మ మీద, ముందుకాలి వెనక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోట గీసిన గీత లోపల, 100 మీటర్ల నుంచి పడుకుని రెండు, 70 నుంచి కూర్చునో మోకాలి మీదో రెండు, 40 నుంచి నిలబడి రెండు. మావాడికి ఐదు లోపలే పడ్డాయి, నిలబడి కొట్టినదాంట్లో ఒకటి గీత పక్కన పడింది. ఎగ్జామినర్ వంగి చూసి బయటే అన్నాడు. అదే రోజు ఇంకో మనిషికి అలాంటిదే పడితే, పొజిషన్ బాగుంది, చెయ్యి స్థిమితంగా ఉంది అని పాస్ చేశాడట. మావాడు రెండ్రోజులు సరిగ్గా అన్నం తినలేదని మా చెల్లి ఫోన్. రూలు అంటే అందరికీ ఒకటే కదా? లేక ఎగ్జామినర్ అనుభవానికి కొంత చోటు ఉండాలా?

కాకినాడ మాజీ కేడెట్:
మీ బావమరిది కోపంలో న్యాయం ఉందండి. ఒలింపిక్ తరహా షూటింగ్‌లో ఈ గొడవ ఎప్పుడో తేల్చేశారు. కాగితం టార్గెట్ మీద రంధ్రం గీతని తాకితే లోపలి లెక్కే వస్తుంది, అనుమానం వస్తే గేజ్ అనే చిన్న పరికరం ఆ రంధ్రంలో పెట్టి చూస్తారు, కంటితో వంగి చూసి చెప్పడం ఉండదు. ఇంకోటి కూడా ఉంది. గీత తాకితే చాలు అన్నప్పుడు లావు తూటాకి లాభం. పాయింట్ 308 తూటా (ఆ అంకె అంగుళాల్లో దాని లావు) పెట్టే రంధ్రం పాయింట్ 223 కంటే పెద్దది, ఇద్దరూ ఒకే చోట గురి తప్పినా లావు తూటా అంచు ఒక మిల్లీమీటరు దాకా ముందుకొచ్చి గీతని అందుకుంటుంది. అందుకని గీత తాకితే ఏంటి, రంధ్రం అంచు చూడాలా మధ్య చూడాలా అనేది మొదటి తూటా పేలకముందే అందరికీ చెప్పాలి. ఎన్‌సీసీలో మా ఉస్తాద్ ఫైరింగ్‌కి ముందే గ్రూపింగ్, అంటే తూటాలు ఎంత దగ్గర దగ్గరగా పడ్డాయో, ఎలా కొలుస్తాడో చూపించేవాడు, ఆ తర్వాత ఎవరూ నోరెత్తేవాళ్లం కాదు.

తణుకు రైతు:
నాకు తుపాకులు తెలీవు గానీ ఈ బాధ తెలుసు. ధాన్యం అమ్మేటప్పుడు తేమ 17 శాతం దాటకూడదు అని రాసి ఉంది. మా ఊళ్లో మిషన్ 17 చూపించిన బస్తా మిల్లు దగ్గరికి వెళ్లేసరికి 19 అవుతుంది. పూర్వం గింజ కొరికి చూసి చెప్పేవాళ్లు, అప్పుడు మనిషి మొహం చూసి మాట మారేది. మిషన్ వచ్చాక కనీసం అడగడానికి ఒక అంకె ఉంది, తప్పు చూపిస్తే ఇంకో మిషన్ పెట్టి చూడండి అనగలుగుతున్నాం. నా ఓటు అంకెకే.

భీమవరం నుంచి ట్రోండ్‌హైమ్:
నేను నార్వేలో ఉంటాను, ఇక్కడ చాలామంది కొలీగ్స్‌కి వేట ఉంది కాబట్టి ఈ పరీక్షలు దగ్గరగా చూశాను. రైతు గారూ, అంకె ఉంటే న్యాయం వచ్చేసినట్టేనా? ఇక్కడ పెద్ద జంతువుల వేటకి ప్రతి ఏడూ పరీక్ష, 100 మీటర్ల నుంచి రెయిన్‌డీర్ బొమ్మ మీద ఐదు తూటాలు, ఐదూ 30 సెంటీమీటర్ల వృత్తంలో పడాలి. ఫిన్లాండ్‌లో 75 మీటర్ల నుంచి నాలుగు తూటాలు, 23 సెంటీమీటర్ల వృత్తం, 90 సెకన్ల టైమ్. బ్రిటన్‌లో ఇంకోలా. మూడు దేశాలు మూడు అంకెలు పెట్టుకున్నాయి, ప్రతి అంకె వెనకా ఎవరో కూర్చుని తీసుకున్న నిర్ణయం ఉంది.

పైగా మూడు తూటాలతో మనిషి చెయ్యి ఎంత తెలుస్తుంది చెప్పండి. సగం సార్లు మాత్రమే పాసయ్యేవాడికి ఒకే రోజు మూడు ఛాన్సులు ఇస్తే, ఒక్కసారైనా గట్టెక్కే అవకాశం 87.5 శాతం. లెక్క వేసి చూసుకోండి. కాగితం మీద కొలత కఠినంగానే కనిపిస్తుంది, మళ్లీ మళ్లీ ప్రయత్నించనిస్తే అదే కొలత మెత్తబడిపోతుంది. అలాంటప్పుడు అనుభవం ఉన్న మనిషి చూసి, ఇతను అదృష్టం కొద్దీ కొట్టాడు, ఇతనికి నిజంగా వచ్చు అని చెప్పడంలో తప్పేంటి?

అమలాపురం అబ్బాయి:
మీ లెక్క సరైనదే అండి, నేనూ వేసి చూశాను. కానీ చెయ్యి స్థిమితంగా ఉంది అని ఒకడిని దాటించినప్పుడు, పక్కవాడికి ఏం చెప్తారు? మావాడి యాస వేరు, వాళ్లతో కలిసి తిరిగినవాడు కాదు, దానివల్లే అని నేను అనను, ఆ మాటకి రుజువు లేదు. కానీ ఆ అనుమానం మనసులోకి వచ్చే సందు ఉంది కదా, నా బాధ అది.

కాకినాడ మాజీ కేడెట్:
ఆ సందు మూయాల్సిందేనండి. నేను గట్టిగా నమ్మేది ఇది. ఎగ్జామినర్ తీర్పు ఫెయిల్ చేయడానికి పనికిరావాలి, పాస్ చేయడానికి పనికిరాకూడదు. వృత్తం బయట పడ్డది బయటే, ఎంత బాగా పడుకున్నా, ఎంత బాగా ఊపిరి బిగబట్టినా. అదే, తొమ్మిది తూటాలూ లోపల పడినా బ్యారెల్ పక్కవాడి వైపు తిప్పినవాడిని, బోల్ట్ (తూటా ఉండే గదిని మూసే కడ్డీ) తీయకుండా లేచి నిలబడినవాడిని ఆపేయాల్సింది మనిషే. అది ఏ వృత్తమూ కొలవలేదు. ఆ పరీక్షలో ప్రమాదకరంగా ఒక్క పని చేసినా ఫెయిల్, అది సరైన పద్ధతి.

నిజంగా మనిషి తీర్పు కావాల్సింది కొట్టాలా వద్దా అన్న చోట. జింక వెనక మట్టి గట్టు ఉందా, లేక ఆకాశం కనిపిస్తోందా? తప్పిన తూటా కిలోమీటర్లు పోతుంది. మన కోనసీమలో నిలబడి ఊహించుకోండి, అంతా చదును, కొబ్బరితోట దాటితే కాలవ గట్టు, గట్టు దాటితే ఇళ్లు, ఇక్కడైతే చాలా చోట్ల వేలు ట్రిగ్గర్ మీద పెట్టకపోవడమే సరైన జవాబు. బొమ్మ కదలదు, పక్కకి తిరగదు, దాని వెనక ఇంకో జింక పిల్ల ఉండదు. అందుకే వాళ్లకి లెవల్ 2 ఉంది. దాంట్లో నిజమైన వేటలో పక్కన అర్హత ఉన్న సాక్షి ఉండి, కొట్టే ముందు ఏం ఆలోచించాడో, కొట్టాక మాంసం ఎలా చూశాడో అన్నీ గమనిస్తాడు. అనుభవానికి చోటు అక్కడ ఇవ్వాలి, లెవల్ 1 గీత దగ్గర కాదు.

భీమవరం నుంచి ట్రోండ్‌హైమ్:
ఫెయిల్ చేయడానికి మాత్రమే అన్న మాట ఒప్పుకుంటున్నా, నేను అలా ఆలోచించలేదు. ఒక్క షరతు. ఫెయిల్ చేసిన ఎగ్జామినర్ కారణం అక్కడికక్కడే కాగితం మీద రాసివ్వాలి. ప్రమాదకరంగా ప్రవర్తించాడు అని ఊరికే రాస్తే చాలదు, ఏం చేశాడో రాయాలి. లేకపోతే ఆ సందు ఇటు మూసి అటు తెరిచినట్టే.

తణుకు రైతు:
కాగితం అడగండి బాబూ, అది మాత్రం వదలొద్దు. నోటి మాట ఎవరికీ నిలబడదు.

అమలాపురం అబ్బాయి:
ఈ థ్రెడ్ మొత్తం బావమరిదికి పంపాను. మళ్లీ పేరు ఇచ్చేముందు గీత తాకితే లోపలా బయటా అని సెంటర్‌కి మెయిల్ పెట్టి జవాబు తెచ్చుకుంటానన్నాడు. నిలబడి కొట్టేదాంట్లోనే పోయింది కాబట్టి ప్రాక్టీస్ దేని మీద చేస్తే మంచిదో కూడా చెప్పండి.

కాకినాడ మాజీ కేడెట్:
స్టిక్స్ (రైఫిల్‌కి ఊతంగా నిలబెట్టే కర్రలు) మీద రైఫిల్ ఆనించి నిలబడటం రోజూ ఇంట్లోనే తూటా లేకుండా చేయమనండి, రెండుసార్లు ఖాళీ చూసుకున్నాకే. పాదాలు కాస్త ఎడంగా, బరువు ముందుకి. 40 మీటర్లే కదా అని తొందరపడి ట్రిగ్గర్ లాగేస్తారు చాలామంది, తూటా పక్కకి పోయేది ఎక్కువగా అందుకే.