స్పానిష్‌లో ఈ 'లో', 'లా' ఎక్కడ పెట్టాలో ఎవరైనా చెప్పండి బాబూ

సిల్క్‌బోర్డ్_ఖైదీ:
బెంగళూరులో ఉద్యోగం, మెక్సికో క్లయింటు. ఆర్నెల్లుగా వీకెండ్ క్లాసులకి పోతున్నా. 'దాన్ని', 'వాణ్ణి', 'ఆమెని' అనే ఈ 'లో', 'లా' మాటలు వచ్చేసరికి బండి ఆగిపోయింది. 'ఐ బాట్ ఇట్' అని మనసులో అనుకుని 'కోంప్రే లో' అంటా, సార్ తల అడ్డంగా ఊపుతారు. ఒకసారి క్రియకి ముందు పెట్టమంటారు, ఇంకోసారి వెనక అతికించమంటారు. పైగా 'రవిని చూస్తున్నా' అనడానికి మధ్యలో ఒక 'ఆ' కావాలంట, 'పుస్తకం చదువుతున్నా'కి అక్కర్లేదంట. వచ్చే నెల ఏ2 (భాషలో రెండో మెట్టు) పరీక్ష, ఒకటే టెన్షన్.

వైట్‌ఫీల్డ్_అక్క:
తమ్ముడూ, మధ్యలో ఇంగ్లిష్ ఎందుకు? తెలుగులో 'దాన్ని కొన్నా' అంటావు కదా, 'లో కోంప్రే' కూడా అదే వరస, 'లో' అంటే దాన్ని, 'కోంప్రే' అంటే కొన్నా. ఆ 'ఆ' కూడా మనకి కొత్తేం కాదు. 'రవి చూస్తున్నా' అని ఎవరూ అనరు, 'రవిని' అనాల్సిందే, పుస్తకానికి మాత్రం 'ని' లేకపోయినా నడుస్తుంది. వాళ్ళూ అంతే, 'బేయో ఆ రవి', 'లేయో ఎల్ లీబ్రో'. మా కన్నడ రూమ్మేట్‌కి చెప్తే మా భాషలోనూ ఇంతే కదా అంది. నాకిది తట్టడానికి ఏడాది పట్టింది, ఫీజు మాత్రం మొదటి రోజే కట్టా.

రెండోసారి_ఏ2:
తెలుగుని మరీ నమ్ముకోకండి, నేను అక్కడే మునిగా. సినిమా చూశావా అంటే మనం 'చూశా' అని ఊరుకుంటాం. స్పానిష్‌లో 'సీ, బీ' (అవును, చూశా) అంటే తెగిపోయినట్టు ఉంటుంది, 'సీ, లా బీ' అనాలి. 'లా' ఎందుకంటే పెలీకులా, అదే సినిమా, స్త్రీలింగం. మనకి కుర్చీ అయినా ఆవు అయినా 'దాన్ని'తో పనైపోతుంది, వాళ్ళకి తాళంచెవి ఆడది, పుస్తకం మగది. మామూలుగా 'ఆ'తో ముగిస్తే ఆడది, 'ఓ'తో ముగిస్తే మగది, కానీ 'ప్రోబ్లేమా' (సమస్య) మగది, 'మానో' (చెయ్యి) ఆడది, చివరి అక్షరం చూసి మోసపోవద్దు.

సిల్క్‌బోర్డ్_ఖైదీ:
అక్కా, 'దాన్ని కొన్నా' దెబ్బకి సగం బరువు దిగింది. మరి వెనక అతికించేది ఎప్పుడు?

వైట్‌ఫీల్డ్_అక్క:
'కొనడం', 'కొంటూ', 'కొను' అనే మూడు రూపాలకే. కోంప్రార్లో, కోంప్రాందోలో, కోంప్రాలో. కొనొద్దు అంటే మళ్ళీ ముందుకొస్తుంది, 'నో లో కోంప్రెస్'. కొనబోతున్నా అనడానికి 'బోయ్ ఆ కోంప్రార్లో' అన్నా 'లో బోయ్ ఆ కోంప్రార్' అన్నా ఒప్పే, 'బోయ్ ఆ లో కోంప్రార్' మాత్రం తప్పు. పరీక్షలో నేను రాసింది సరిగ్గా అదే 🙂

రెండోసారి_ఏ2:
ఇంకోటి. మాడ్రిడ్ వాళ్ళ వీడియోలు చూస్తుంటే 'అతన్ని' అనడానికి 'లే' వినిపిస్తుంది, కంగారు పడకు. ఒక్క మగమనిషి గురించైతే స్పానిష్ భాషకి పెద్ద దిక్కైన స్పెయిన్ రాయల్ అకాడమీ కూడా దాన్ని ఒప్పుకుంటుంది. నీది మెక్సికో క్లయింటు కాబట్టి 'లో' చాలు.

సిల్క్‌బోర్డ్_ఖైదీ:
సరే అన్నా. మరి 'సే లో దోయ్'లో ఆ 'సే' ఏంటి?

వైట్‌ఫీల్డ్_అక్క:
ఇక్కడ 'లే' అంటే అతనికి, 'లే', 'లో' పక్కపక్కన పడవు, అందుకే 'లే' కాస్తా 'సే' అవుతుంది. 'అతనికి దాన్ని ఇస్తా' అని చదువుకో, వరస మళ్ళీ మనదే. మిగతాది రేపు, నా క్యాబ్ వచ్చేసింది.