అద్దె ఇల్లు ఖాళీ చేసేముందు ఓనరుకి ఎన్నాళ్ల ముందు చెప్పాలి?

కేపీహెచ్‌బీ గృహిణి:
మా 11 నెలల అగ్రిమెంటు ఎప్పుడో అయిపోయింది. మళ్లీ రాసుకోలేదు, అద్దె మాత్రం ప్రతి నెలా పంపుతూనే ఉన్నాం. మావారి ఆఫీసు ఆదిభట్లకి మారింది. ఇక్కణ్ణుంచి రోజూ వెళ్లిరావడం కుదరని పని. ఓనరుగారేమో రెండు నెలల ముందు చెప్పాల్సిందే, లేకపోతే అడ్వాన్సులో ఒక నెల పట్టుకుంటానంటున్నారు. పాత కాగితంలో ఒక నెల అనే ఉంది. ఎవరికైనా ఇలా జరిగిందా?

నల్లకుంట పాతకాపు:
అమ్మా, ఆ కాగితం జాగ్రత్తగా పెట్టుకోండి. అందులో నెల అని ఉంటే ఇప్పుడు నోటిమాటగా రెండు నెలలంటే చెల్లదు. గడువు దాటాక కూడా ఆయన అద్దె తీసుకుంటున్నారు కాబట్టి నెలవారీ అద్దె కిందే లెక్క. అసలు ఒప్పందమే లేనివాళ్లకి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 106వ సెక్షన్ ఉంది. ఇంటి అద్దెకి 15 రోజుల నోటీసు, అదీ రాతలో, సంతకంతో. అవతలివాళ్లకి అందిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది. అయినా నెల ఇవ్వడమే మర్యాద. ఆ 15 రోజుల్లో కొత్తవాళ్లు దొరకడం ఏ ఓనరుకైనా కష్టమే.

మల్కాజిగిరి ఓనరు:
మా వైపు మాట కూడా వినండి. కింద మేముంటాం, పై పోర్షన్లు అద్దెకిస్తాం. ఆషాఢం ముందు హఠాత్తుగా ఖాళీ చేస్తే శ్రావణం వచ్చేదాకా పాలు పొంగించేవాళ్లు దొరకరు. పుష్యమాసమూ అంతే. ఆ అద్దె మీదే మందులూ, కరెంటు బిల్లూ నడిచే ఇళ్లున్నాయి. జ్యేష్ఠం మొదట్లోనే చెబితే టు-లెట్ బోర్డు పెట్టుకుంటాం. ఇల్లు చూడ్డానికి వచ్చేవాళ్లని విసుక్కోకుండా రానివ్వండి, మీకు వీలైన టైము మీరే చెప్పండి. అలా సహకరించిన వాళ్లకి తాళాలు ఇచ్చిన రోజే అడ్వాన్సు తిరిగిచ్చాను.

మాదాపూర్ రూమ్మేట్:
మెట్ల దగ్గర కనబడినప్పుడు చెప్పి వదిలేయకండక్కా. మా పాత ఓనరు "నాకెప్పుడు చెప్పావ్?" అని అడ్డం తిరిగాడు. వాట్సాప్‌లో తేదీతో సహా ఉండబట్టి డబ్బులొచ్చాయి. పెద్దగా రాయక్కర్లేదు: "ఫలానా తేదీకి ఇల్లు ఖాళీ చేస్తున్నాం. అగ్రిమెంటు ప్రకారం నెల ముందు తెలియజేస్తున్నాం. ఆ రోజు తాళాలు ఇస్తాం, అడ్వాన్సు లెక్క చూడగలరు." దీన్నే కాగితం మీద రాసి సంతకం చేసి ఇవ్వండి, రెండో కాపీ మీద ఆయన సంతకం తీసుకోండి. పెట్టకపోతే స్పీడ్ పోస్టు చేసి రసీదు దాచండి.

కేపీహెచ్‌బీ గృహిణి:
చాలా థ్యాంక్స్ తమ్ముడూ. ఆఖరి నెల అద్దె అడ్వాన్సులో సరిచేసుకోమంటే తప్పా? ఇంటి రంగులకి ఒక నెల అద్దె ఎలాగూ అడ్వాన్సులోంచి పట్టుకుంటారట.

నల్లకుంట పాతకాపు:
ఆయన ఒప్పుకుంటేనే చేయండి, ఒప్పుకున్నట్టు మెసేజ్ ఉండాలి. రంగులకి నెల అద్దె పట్టుకోవడం మన ఊళ్లో చాలామంది చేసేదే. కాగితంలో రాసుంటే ఇవ్వక తప్పదు. రాయకపోతే గట్టిగా అడగండి. మామూలుగా వాడితే వచ్చే అరుగుదలని అదే చట్టంలోని 108వ సెక్షన్ అద్దెకున్నవాళ్ల మీద మోపదు. పగిలిన వాష్‌బేసిన్, ఊడిన తలుపు మాత్రం మీ ఖర్చే.

మల్కాజిగిరి ఓనరు:
అది న్యాయమే. సామాను ఎక్కించాక ఖాళీ గదులు వీడియో తీయండి, కరెంటు మీటరు రీడింగు ఫోటో తీయండి. మెయింటెనెన్స్ బాకీ లేదని అపార్ట్‌మెంట్ వాళ్ల దగ్గర రాయించుకోండి. ఇవన్నీ ఓనరు ఎదురుగా చూసుకున్నాకే తాళాలు చేతికివ్వండి.