మన సబ్జెక్టు కాని పేపర్ సెమినార్‌లో చెప్పేటప్పుడు లెక్కలు వదిలేయొచ్చా?

సూక్ష్మజీవి: ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ నాది. జర్నల్ క్లబ్‌లో (ఒక్కొక్కరం ఒక పరిశోధన పేపర్ వివరించే సెమినార్) నా వంతుకి లూరియా, డెల్‌బ్రూక్ 1943లో 'జెనెటిక్స్' పత్రికలో వేసిన పేపర్ వచ్చింది. వైరస్‌ను తట్టుకునే బ్యాక్టీరియా ఎలా పుట్టుకొస్తుందన్నది అందులో ప్రశ్న. ప్రయోగం అర్థమైంది కానీ సగం పేపర్ సమీకరణాలే. నాది ఇంటర్ బైపీసీ, క్లాసులో అందరిదీ అంతే. ప్రయోగం, ఫలితం చెప్పి లెక్కలు వదిలేద్దామనుకుంటున్నా. తప్పంటారా?

పరీక్షనాళిక: వదిలేయండి. మీకే పట్టుబడని సమీకరణం స్లైడ్ మీద పెడితే క్లాసు అక్కడే ఆగిపోతుంది. 'వేరియన్స్ (అంకెల్లో హెచ్చుతగ్గుల కొలత) ఎక్కువొచ్చింది కాబట్టి మ్యుటేషన్లు వైరస్ తగలకముందే జరిగాయి' అంటే చాలు.

లెక్కలసార్: చాలదండీ. ఆ 'కాబట్టి' ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పకపోతే మిగిలేది పాఠ్యపుస్తకంలోని వాక్యమే. దానికి పేపర్ చదవక్కర్లేదు.

వాళ్లు చేసింది చూడండి. కొద్దిపాటి కణాలతో మొదలుపెట్టి చాలా ట్యూబుల్లో విడివిడిగా బ్యాక్టీరియా పెంచారు. తర్వాత వైరస్ ఉన్న ప్లేట్ల మీద వేసి, బతికిన కాలనీలు లెక్కపెట్టారు. వైరస్ తగిలాకే నిరోధకత వచ్చేదైతే ప్రతి కణానికీ ఒకే చిన్న అవకాశం ఉంటుంది. అప్పుడు అంకెలు పాయిజాన్ విభాజనంలో (అరుదైన ఘటనల లెక్కకు వాడే నమూనా) పడాలి, వేరియన్స్ దాదాపు సగటంతే ఉండాలి. అలా కాక పెరిగేటప్పుడే మ్యుటేషన్ జరిగితే? తొలి తరాల్లో జరిగిన ట్యూబులో దాని సంతతి గుంపుగా ఉంటుంది. ఆఖర్లో జరిగితే ఒకటో రెండో. జరగనే లేదంటే సున్నా.

పేపర్‌లోని ఒక పట్టికలో 20 ట్యూబులుంటే 11 సున్నాలే. ఒకదానికి మాత్రం 107, ఇంకోదానికి 64. సగటు 11 చిల్లర, వేరియన్స్ 700 దరిదాపుల్లో! అదే ఒకే కల్చర్‌లోంచి (ఒకేచోట పెంచిన బ్యాక్టీరియా) పలు నమూనాలు తీస్తే వేరియన్స్ సగటు దగ్గరే ఉంది. ఈ కంట్రోల్ (పోలిక కోసం చేసిన ప్రయోగం) వదిలేస్తే, 'తేడా ప్లేటింగ్‌లో వచ్చిందేమో' అని ఎవరైనా అడిగినప్పుడు మీ దగ్గర జవాబుండదు.

బోర్డు మీద కణాలు రెట్టింపయ్యే చెట్టు రెండుసార్లు గీయండి. ఒకదాంట్లో మ్యుటేషన్ రెండో తరంలో, ఇంకోదాంట్లో ఆఖరి తరంలో. బైపీసీ వాళ్లకీ అర్థమవుతుంది. మ్యుటేషన్ రేటు రాబట్టే సమీకరణాలు పక్కన పెట్టొచ్చు, పక్కన పెడుతున్నానని క్లాసుకి చెప్పి.

పరీక్షనాళిక: చెట్టు వరకూ ఒప్పుకుంటా. కానీ 'పక్కన పెట్టాను' అన్నాక సరిగ్గా దాని మీదే ప్రశ్న వేసే మేడమ్‌లుంటారు. మార్కులు పోయేది విద్యార్థికి.

లెక్కలసార్: ప్రశ్న వస్తే రానివ్వండి. ఆ పేపర్ రాసిన ఇద్దరూ పని పంచుకున్నారు. ప్రయోగం లూరియాది. ఆయన ఇండియానా యూనివర్సిటీ నుంచి రాస్తే, గణితం కట్టింది వాండర్‌బిల్ట్‌లో ఉన్న డెల్‌బ్రూక్. ఆయన చదివింది భౌతికశాస్త్రం. 1969 నోబెల్ బహుమతి హెర్షీ అనే మరో శాస్త్రవేత్తతో కలిపి ఇద్దరికీ వచ్చింది. మీ పక్కనే స్టాటిస్టిక్స్ డిపార్ట్‌మెంట్ ఉంటుంది కదా, ఓ గంట వెళ్లి కూర్చోండి.

సూక్ష్మజీవి: థాంక్యూ సార్. స్లైడ్లలో ఆ 20 అంకెల పట్టికే ముందు పెడతాను. ఏ ట్యూబులో మ్యుటేషన్ ఎప్పుడు జరిగి ఉంటుందో క్లాసునే ఊహించమంటాను, చెట్టు ఆ తర్వాతే గీస్తాను.