పెన్షన్ డబ్బుకి సలహాదారు: కమిషన్ తీసుకోని వాళ్లని ఎలా గుర్తుపట్టాలి?

నాన్నగారు సీపీఎస్ (కంట్రిబ్యూటరీ పెన్షన్) ఉద్యోగి, 62 ఏళ్లకి జూన్‌లో రిటైరయ్యారు. ఎన్‌పీఎస్ (జాతీయ పెన్షన్ పథకం)లో 40 శాతం యాన్యుటీకి, అంటే నెలనెలా వచ్చే పెన్షన్‌కి పోగా 28 లక్షలు చేతికొచ్చాయి. 10 లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో వేశాం. మిగతా 18 లక్షలు నాలుగు నెలలుగా సేవింగ్స్ ఖాతాలోనే ఉన్నాయి. నెలకి 12 వేలు చేతికి రావాలి, అసలు కరగకూడదు.

బ్యాంకు మేనేజరుని అడిగితే, ఐదేళ్లు ప్రీమియం కట్టే యులిప్ (బీమా, పెట్టుబడి కలిసిన పాలసీ) కాగితాలు ముందు పెట్టి పెన్ను నాన్న చేతికిచ్చారు. అరవై రెండేళ్ల మనిషికి ఐదేళ్ల ప్రీమియం ఏమిటండీ! ఇంకొకాయన 'ఫీజు లేదు, ఉచిత సలహా' అన్నారు. కార్డు మీద ఏఆర్ఎన్ నంబరుంది, అంటే మ్యూచువల్ ఫండ్ల పంపిణీదారు, కమిషన్ మీద బతికేవారు. పెట్టుబడుల నియంత్రణ సంస్థ సెబీ సైట్లో ఐఎన్‌ఏతో మొదలయ్యే నంబర్లున్న ముగ్గురికి, అంటే అక్కడ నమోదైన పెట్టుబడి సలహాదారులకి, ఫోన్ చేశాను. ఇద్దరు 50 లక్షలకి తక్కువైతే మేం తీసుకోం అన్నారు. మూడో ఆయన ఫీజు చెప్పారు గానీ, ఆయన చెప్పే బీమా పాలసీ మాత్రం వాళ్లావిడ ఏజెన్సీలోనే తీసుకోవాలట.

నంబరు సరిగ్గానే ఉన్నా ఇలా ఉంటే, సంతకం పెట్టేముందు ఆ సలహాదారు నుంచి రాతపూర్వకంగా ఏమేం తీసుకోవాలి?