సార్ వచ్చారు, మేడమ్ వచ్చింది

ప్రశ్న, ఒడిశాలోని బరంపురం నుంచి:

మా చిన్నాన్నగారి బట్టల దుకాణంలో పండగ సీజనుకని కొత్త పిల్లల్ని పెట్టుకున్నారు. సగం మంది తెలుగిళ్ళ వాళ్ళు, సగం మంది ఒడియా వాళ్ళు. కొనడానికొచ్చే ఆడవాళ్ళని ఏమని పిలవాలో వీళ్ళకి నేర్పే పని నా నెత్తిన పడింది. ‘ఆంటీ’ వద్దని మొదటే చెప్పేశాను. ముప్ఫై దాటనావిడని ‘ఆంటీ’ అంటే చీర అక్కడే వదిలేసి పక్క కొట్టుకి పోతుంది. ‘మేడమ్’ అంటే పల్లెల నుంచి వచ్చిన పెద్దవాళ్ళు ఇంకెవర్నో అనుకుని వెనక్కి చూస్తారు. కుర్రాడు మా మేనత్త వయసావిడని ‘అక్కా’ అంటే వెటకారంలా ఉంటుంది. ఇంక మిగిలింది ‘అమ్మా’.

మొన్న ఇంకో చిక్కొచ్చింది. కుంభం అంచు పట్టుచీరలు చూస్తున్న ఒక తెలుగావిడని మా ఒడియా కుర్రాడు చాలా మర్యాదగా ‘నానీ’ అన్నాడు. ఒడియాలో నానీ అంటే అక్క. ఆవిడింట్లో నాని అంటే మూడేళ్ళ మనవడట. “నన్ను నానీ అంటాడేటి వీడు!” అని గల్లా దగ్గరికే వచ్చేసింది. విషయం తెలిశాక నవ్వేసి చీర తీసుకుంది గానీ, అందరూ నవ్వరు కదా. వయసుతో, వరసతో పని లేకుండా ఎవరికైనా సరిపోయే పిలుపు తెలుగులో ఉందా?

రాయగడ నుంచి:

‘అప్పా’ అనమనండి, గొడవుండదు. శ్రీకాకుళం, విజయనగరం మాటల్లో అప్ప అంటే అక్క. ఒడియాలో ‘అపా’ అన్నా అక్కే. రెండు వైపులా చెల్లుతుంది.

బరంపురం నుంచి ఇంకొకరు:

చిత్తూరు వైపు నుంచి కోడలై వచ్చినావిడని అలా పిలిచి చూడండి. అటు అప్ప అంటే నాన్న! చుట్టరికాల జోలికి పోతే ఇదే తంటా. ‘వదినా’ అన్నారనుకోండి, ఆ వరసలో వేళాకోళం ఉంది, కొత్తవాళ్ళతో ఎలా? ‘మావుసీ’ (ఒడియాలో పిన్ని వరస) అని కూరల బుట్ట దగ్గర అనొచ్చు గానీ ఆఫీసు నుంచి నేరుగా వచ్చినావిడని అంటే మొహం మాడ్చుకుంటుంది.

జయపురం నుంచి, బ్యాంకు ఉద్యోగిని:

మీరు కొనేవాళ్ళ గురించే మాట్లాడుతున్నారు. కౌంటరుకి ఇవతల కూర్చున్న మా సంగతేమిటి? మా పక్క కౌంటర్లో కుర్రాడు నాకంటే పదేళ్ళు చిన్న. అతని దగ్గర “సార్, కొంచెం ఈ పాస్‌బుక్కు ఎంట్రీ వేయండి” అంటారు. నా దగ్గరికొచ్చి “ఏమ్మా, ఇది ఎంట్రీ వెయ్యి” అంటారు. అమ్మ అన్నారు కదా, గౌరవమే కదా అని మా మేనేజరుగారి సర్దుబాటు. నాకు ‘అమ్మా’తో పేచీ లేదు. ‘వేయండి’ కాస్తా ‘వెయ్యి’ ఎందుకయిందన్నదే నా ప్రశ్న.

పర్లాకిమిడి నుంచి, మందుల షాపు:

బ్యాంకు మేడమ్ గారు అసలు చోట వేలు పెట్టారు. పిలుపు ఏదైనా మర్యాద ఉండేది క్రియలో. “చెప్పమ్మా” అన్నా “చెప్పండమ్మా” అన్నా అమ్మ ఒకటే, తేడా అంతా ‘అండి’లో ఉంది. మా షాపుకి జ్వరం బిళ్ళల కోసం వచ్చే ముసలమ్మలకి ‘మేడమ్’ పట్టదు, ‘అమ్మా’ అంటేనే చీటీ చేతిలో పెడతారు. నర్సుగారిని ‘సిస్టర్’ అంటాం, ఒడియా బడి పిల్లలు టీచరమ్మని ‘గురుమా’ అంటారు, ఊళ్ళో ఆశా కార్యకర్త ‘ఆశా దిది’. వీటిలో ఏదీ తప్పు కాదు. ‘అండి’ పడిందా లేదా అన్నది చూడండి.

కానీ కొట్లో కొనేవాళ్ళతో ఎదురుగా మాట్లాడేటప్పుడు మనవాళ్ళు పెద్దగా తప్పరు. ‘మీరు చూశారు’ అన్నప్పుడు ఆడా మగా తేడా లేదు. ఆవిడ గురించి పక్కవాడికి చెప్పేటప్పుడు వస్తుంది తంటా. ఏ కొట్లోనైనా కాసేపు నిలబడి వినండి: “సార్ అడుగుతున్నారు, ఆ నీలం చొక్కా తియ్యి.” వెంటనే, “మేడమ్ అడుగుతోంది, ఆ పచ్చ చీర తియ్యి.” ఇద్దరూ పక్కపక్కనే ఉంటారు, మొగుడూ పెళ్ళాలే కావచ్చు. ఆయన అడుగుతున్నారు, ఆవిడ అడుగుతోంది! గౌరవ పదం ‘మేడమ్’ ఉండనే ఉంది, దాని కింద తోక మాత్రం మారిపోయింది. ఎక్కడిదాకో ఎందుకు, ఈ చర్చలో పైన బరంపురం వాళ్ళ రెండు పోస్టులు చూడండి: ‘పక్క కొట్టుకి పోతుంది’, ‘మొహం మాడ్చుకుంటుంది’. అదే ఒకాయన గురించయితే ‘పోతారు’ అని రాసేవారు.

దీనికి వ్యాకరణంలో పాత కారణం ఉంది. తెలుగులో ఏకవచనంలో ఆడవాళ్ళకీ, పశువులకీ, వస్తువులకీ ఒకటే క్రియ. ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. మగవాడికి మాత్రం వచ్చాడు. బహువచనంలోకి వెళ్ళేసరికి ఆడవాళ్ళు మగవాళ్ళతో కలిసిపోతారు: వాళ్ళు వచ్చారు. మహత్తు, అమహత్తు అని వ్యాకరణాల్లో విడదీసి చెప్పేది ఈ సంగతే. కాబట్టి ‘మేడమ్ వచ్చారు’ అన్నప్పుడు గౌరవం ఒక్కటే కాదు, ఆవునీ బస్సునీ వదిలించుకుంటున్నాం కూడా.

ఇక్కడ మన ఒడియా పిల్లలు మనకంటే నయం. ఒడియాలో ‘సే’ అంటే అతనూ ఆమే కూడా. క్రియలో లింగభేదం లేదు. గౌరవమైతే ‘ఆసిలే’, చనువైతే ‘ఆసిలా’, అంతే. బాబు ఆసిలే అన్న కుర్రాడే మేడమ్ ఆసిలే అంటాడు. అదే కుర్రాడు తెలుగులోకి మారితే మన దగ్గర నేర్చుకున్న ‘వచ్చింది’ పట్టుకుంటాడు. గిడుగు రామమూర్తిగారు (1863–1940) పాఠాలు చెప్పిన ఊరు మాది. పుస్తకం ఏమందని కాకుండా జనం నోట ఏముందో వినమన్నారు ఆయన. 1936లో మేం ఒడిశాలో కలిశాక బడీ, కచేరీ ఒడియాలో, ఇల్లు తెలుగులో. రెండూ నోట్లో ఉన్నవాళ్ళం, ఈ ఒక్క విషయంలో ఒడియా వైపు మొగ్గితే పోయేదేం లేదు.

విజయనగరం నుంచి, కొన్నాళ్ళు గుణుపురంలో ఉన్నవాణ్ణి:

ఒప్పుకోను. ‘మా అమ్మ వచ్చింది’ అంటాం. ‘మా అమ్మ వచ్చారు’ అంటే ఎవరో పరాయివాళ్ళమ్మ వచ్చినట్టుంటుంది. దేవుణ్ణే ‘నువ్వు’ అంటాం, పద్యాల్లో రాజుల్నీ ‘నీవు’ అనే అన్నారు. ‘వచ్చింది’లో అమర్యాద వెతికితే ఆప్యాయత అంతా పోతుంది.

పర్లాకిమిడి నుంచి:

ఇంట్లో అయితే మీ మాటే నాదీ. నాన్నగారు వచ్చారు, అమ్మ వచ్చింది అని మా ఇంట్లోనూ అంటాం. దాని మీద వేరే చర్చ పెట్టుకోవచ్చు, ఇప్పుడొద్దు! కొట్టులో ఆవిడ మనకి అమ్మ కాదు, ఆయన నాన్న కాదు. ఆప్యాయతే అనుకుంటే ఆయన్నీ ‘సార్ వచ్చాడు’ అనాలి కదా. ఏ కుర్రాడూ అనడు. నేను మా షాపులో పెట్టుకున్న లెక్క ఇదొక్కటే: ఆ వాక్యంలో ‘మేడమ్’ తీసి ‘సార్’ పెడితే చివర ఏం పలుకుతావో, మేడమ్‌కీ అదే పలుకు.

ఇంకో మాట. బిల్లు పుస్తకంలో ‘శ్రీమతి/కుమారి’ గడి ఉంటే కొట్టేయండి. పాత ఉత్తరాల్లో ఆడవాళ్ళ పేరు ముందు చి.ల.సౌ. (చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి) అనో, గం.భా.స. (గంగాభాగీరథీ సమానురాలు) అనో ఉండేది, కవరు మీదే ముత్తయిదువో కాదో తెలిసిపోయేది. మగవాళ్ళకి మహారాజరాజశ్రీ ఒకటి తగిలిస్తే సరి, పెళ్ళయిందా అని అడిగినవాడు లేడు. చీర కొనేవాళ్ళకి పేరూ గారూ చాలు.

బరంపురం నుంచి, ప్రశ్న అడిగినవారు:

బాగుంది. ‘సార్’ పెట్టి చూసే లెక్క రేపే పిల్లలకి చెప్తాను. ఒకటి మిగిలింది. దూరంగా నిలబడ్డావిడని పిలవాలంటే? ‘ఏమండీ’ అనమంటే మా సేల్స్ అమ్మాయిలు సిగ్గుపడుతున్నారు. మొగుణ్ణి పిలిచినట్టుందట. ఇంక ఫోనయితే అవతల ఎవరో, వయసెంతో కూడా తెలీదు.

పర్లాకిమిడి నుంచి:

ఆడవాళ్ళని పిలవడానికి ‘ఏమండీ’కి ఏం కాదు, ఆ చిక్కంతా మగవాళ్ళని పిలిచేటప్పుడే. మరీ సిగ్గయితే ఒట్టి ‘అండీ, ఇటు చూడండి’. ఒడియావాళ్ళయితే ‘ఆజ్ఞా’ ఉంది, పలికేది ‘ఆగ్యా’ అనుకోండి. ఆడా మగా, చిన్నా పెద్దా అందరికీ అదే. మన ‘అండీ’ చేసే పనే అది చేస్తుంది.

ఫోన్లో అసలు పిలుపే అక్కర్లేదు. మా అమ్మాయి దుకాణంలో చెప్పించేది ఇలా: “నమస్కారమండి, బట్టల షాపు నుంచి మాట్లాడుతున్నాను. మీరిచ్చిన చీరకి ఫాల్ కుట్టడం అయిపోయిందండి. రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచే ఉంటుంది, వీలు చూసుకుని రండి. వచ్చేటప్పుడు రసీదు తెచ్చుకోండి.”